వ్యవధిని వ్యవధితో భాగిస్తే వచ్చేది వ్యవధి కాదు మహాప్రభో!

ముందుగా ఒక చిన్న లెక్క. మా వెలిగండ్ల పక్క మెట్ట పొలాల్లో ఒకే బోరు మీద ముగ్గురు అన్నదమ్ములు బతకడం మామూలే. ఆ బోరుకు రోజుకు ఏడు గంటలు కరెంటు వస్తుందనుకోండి. (2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక చాలా ఏళ్ళు నడిచిన లెక్క అదే కదా.) ఈ ఏడు గంటల్ని రెండు రకాలుగా భాగించొచ్చు.

మొదటిది: ముగ్గురికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంతసేపు వస్తుంది? 7 గంటలు ÷ 3 = 2 గంటల 20 నిమిషాలు.

రెండోది: ఒక మడి తడవడానికి ముప్పావు గంట పడుతుంది. కరెంటు పోయేలోపు ఎన్ని మళ్ళు తడుస్తాయి? 7 గంటలు ÷ 45 నిమిషాలు = 9. పదిహేను నిమిషాలు మిగులు.

మొదటిది పంచడం. దాని జవాబు ఒక వ్యవధి. రెండోది కొలవడం. దాని జవాబు ఉత్త అంకె. బడి మొహం చూడని రైతు కూడా "తొమ్మిది నిమిషాల మళ్ళు తడుస్తాయి" అనడు. "తొమ్మిది మళ్ళు తడుస్తాయి, పదోది మూడో వంతు తడిసేసరికి కరెంటు పోద్ది" అంటాడు. అంకె వేరు, కాలం వేరు అని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మనకే. అంటే ఇంజనీరింగ్ చదివి, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే మాటను రెజ్యూమెలో మొదటి పేజీలోనే రాసుకునే మన జాతికి!

మొన్నామధ్య ఒక కోడ్ రివ్యూలో ఇదే గొడవ. షిఫ్టు వ్యవధిలో ఎన్ని స్లాట్లు పడతాయో లెక్కగట్టే నాలుగు లైన్ల కోడు. రాసినాయన రెండు డ్యూరేషన్ ఆబ్జెక్టుల్లోంచీ మిల్లీసెకన్లు బయటికి లాగి, ఒక లాంగ్ ను ఇంకో లాంగ్ తో భాగించి చేతులు దులుపుకున్నాడు. "ఇలా ఎందుకండీ, భాగించే పని ఆ క్లాసుకే అప్పజెప్పొచ్చు కదా" అంటే, "ఎలా చేసినా అంకె అదే వస్తుంది బాస్, ఎందుకింత రాద్ధాంతం" అన్నాడు. ఎందుకో చెబుదామనే ఇదంతా.

అసలు డ్యూరేషన్ అనే క్లాసు దేనికి పుట్టింది? ఒక పూర్ణాంకం చేతికిస్తే అది సెకన్లో, మిల్లీసెకన్లో, నిమిషాలో ఎవరికీ తెలియదు గనక. ఆ సంగతి వస్తువు లోపలే దాచి, "నన్నడుగు, నేను చెబుతా" అనడానికి పుట్టింది. దాన్నే కదా మనం ఇంటర్వ్యూల్లో ఎన్‌క్యాప్సులేషన్ అని గడగడా అప్పజెప్పేది! తీరా పని దగ్గరికొచ్చేసరికి ఆ వస్తువు పొట్ట కోసి, పేగులు బయటికి తీసి, బల్ల మీద పెట్టి భాగిస్తున్నాం. మరి క్లాసు రాయడం ఎందుకు, అలంకారానికా?

ఇలా పొట్ట కోసినప్పుడు ఏమవుతుందో చూడండి. జావాలో 500 మైక్రోసెకన్ల వ్యవధిని మిల్లీసెకన్లు ఎన్ని అని అడిగితే సున్నా అంటుంది. ఆ సున్నాతో భాగించారా, ప్రోగ్రాము అక్కడికక్కడే కూలబడుతుంది. పైథాన్ లో రెండు రోజుల టైమ్‌డెల్టాను 'సెకండ్స్' ఎన్ని అని అడగండి. అదీ సున్నాయే! ఎందుకంటే అది మొత్తం సెకన్లు చెప్పదు, రోజులు తీసేశాక మిగిలినవి చెబుతుంది. మొత్తం కావాలంటే 'టోటల్ సెకండ్స్' అని వేరే అడగాలి. డాట్‌నెట్ టైమ్‌స్పాన్ లోనూ ఇదే తంతు. 'సెకండ్స్' అంటే 59 దాటదు, 'టోటల్ సెకండ్స్' అయితేనే అసలు లెక్క. "అంకె అదే వస్తుంది బాస్" అన్న మనిషి ఈ మూడు గుంతల్నీ చూడలేదు. అవి టెస్టుల్లో కనపడవు కూడా, టెస్టుల్లో మనం ఒక గంట, రెండు గంటలు అనే గుండ్రటి అంకెలే పెడతాం గనక.

సరే, తప్పంతా వాడేవాళ్ళదేనా అంటే కాదు. ఈ లైబ్రరీలు రాసిన పెద్దమనుషులు కూడా తక్కువేం తినలేదు.

జావా సంగతి తీసుకోండి. తేదీలూ కాలాలకు కొత్త లైబ్రరీ 2014 మార్చిలో, జావా 8 తో వచ్చింది. చాలా మంచి లైబ్రరీ, అందులో సందేహం లేదు. కానీ దాంట్లో డ్యూరేషన్ ను అంకెతో భాగించే దారి మాత్రమే ఉంది. డ్యూరేషన్ ను డ్యూరేషన్ తో భాగించాలంటే 2017 సెప్టెంబరులో జావా 9 వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. మూడున్నరేళ్ళు! ఆ మూడున్నరేళ్ళలో అందరికీ మిల్లీసెకన్లు లాగి భాగించే అలవాటు పడిపోయింది. అలవాటు పోతుందా? పోదు.

పోనీ 2017లో ఇచ్చింది సరిగ్గా ఇచ్చారా? 'డివైడెడ్‌బై' అనే పాత పేరుకే ఇంకో రూపం తగిలించారు. అంకె ఇస్తే వ్యవధి తిరిగిస్తుంది, వ్యవధి ఇస్తే లాంగ్ తిరిగిస్తుంది. ఇంతవరకూ నాకు పేచీ లేదు. పంచడం వేరు, కొలవడం వేరు అని టైపులే చెబుతున్నాయి, సంతోషం. పేచీ ఆ లాంగ్ తోనే. భిన్నం మొత్తం నోరెత్తకుండా కత్తిరించేస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టులో ఒకాయన 7 గంటల 59 నిమిషాలు పని చేశాడు. పని చేసిన వ్యవధిని షిఫ్టు వ్యవధితో భాగించి వందతో గుణించి శాతం తీయండి. ఎంత? సున్నా శాతం! డాక్యుమెంటేషన్ లో "ఎన్ని పూర్తి సార్లు పడుతుందో చెబుతుంది" అని రాసే ఉంది, నిజమే. మరి ఆ మాట మెథడ్ పేరులో ఎందుకు లేదు? భాగించు అంటే భాగించాలి గానీ, భాగించి ముక్కలు చెత్తబుట్టలో వెయ్యమని ఎవరు చెప్పారు?

డాట్‌నెట్ వాళ్ళు దీనికి సరిగ్గా తిరగేసి చేశారు. 2017లో డాట్‌నెట్ కోర్ 2.0 తో టైమ్‌స్పాన్ ను టైమ్‌స్పాన్ తో భాగించే సదుపాయం వచ్చింది, జవాబు డబుల్ లో. పాత డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కు 4.8 దాకా వచ్చినా ఆ సదుపాయం రానే లేదు. ఎన్నో పాత ప్రాజెక్టులు దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి అక్కడ మళ్ళీ 'టిక్స్' లాగి భాగించడమే గతి. పోనీ డబుల్ వచ్చింది కదా అని ఆనందిద్దామా? 0.3 ను 0.1 తో డబుల్ లో భాగించి చూడండి. 3 రాదు, 2.9999999999999996 వస్తుంది. దాన్ని పూర్ణాంకానికి కత్తిరిస్తే 2. అంటే 300 మిల్లీసెకన్లలో 100 మిల్లీసెకన్లు రెండే సార్లు పడతాయట. మూడోది ఎవరు మింగినట్టు?

ఇదేదో పుస్తకాల్లో లెక్క అని కొట్టిపారెయ్యకండి. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్ లో పేట్రియట్ క్షిపణి వ్యవస్థ మీదికొస్తున్న స్కడ్ ను పట్టుకోలేకపోయింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. ఆ వ్యవస్థ గడియారం కాలాన్ని పదో వంతు సెకన్లలో లెక్కబెట్టేది. అప్పటికి సుమారు 100 గంటలు ఆపకుండా నడుస్తోంది. 100 గంటల్ని 0.1 సెకనుతో కొలిస్తే 36,00,000. ఈ అంకెలో రవ్వంత తప్పు లేదు. తప్పంతా దాన్ని తిరిగి సెకన్లలోకి మార్చడానికి 24 బిట్లలో కుదించిన 0.1 తో గుణించడంలో వచ్చింది. ద్విసంఖ్యామానంలో పదో వంతుకు కచ్చితమైన రూపం లేదు కదా. ఒక్కో టిక్కుకు సెకనులో కోటో వంతు కూడా లేని తేడా, 36 లక్షల టిక్కులు అయ్యేసరికి 0.34 సెకను. స్కడ్ వేగానికి అది అర కిలోమీటరు కన్నా ఎక్కువ దూరం. పూర్ణాంకంగా ఉన్న నిజాన్ని భిన్నంగా మార్చేటప్పుడు ఏం పోగొట్టుకుంటున్నామో చూసుకోకపోతే జరిగేది ఇదే.

ఇక గో భాష సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అది ఆబ్జెక్ట్ ఓరియెంటెడా కాదా అనే చర్చ తర్వాత పెట్టుకుందాం, టైపులు, మెథడ్లు అయితే ఉన్నాయి. అందులో డ్యూరేషన్ అంటే నానోసెకన్లు దాచుకున్న 64 బిట్ల పూర్ణాంకం. ఏడు గంటల్ని 45 నిమిషాలతో భాగించి ప్రింటు చెయ్యండి. ఏమొస్తుందో తెలుసా? '9 నానోసెకన్లు'! మన రైతు నవ్విపోతాడు. దాన్ని తీసుకెళ్ళి స్లీప్ కు ఇస్తే కంపైలరు కిక్కురుమనదు. డాక్యుమెంటేషన్ లో అయితే, యూనిట్లు లెక్కబెట్టాలంటే భాగించి ఆపైన పూర్ణాంకంలోకి మార్చుకోండి అని వాళ్ళే సలహా ఇస్తారు. అంటే టైపు తప్పు చెబుతోందని వాళ్ళకూ తెలుసన్నమాట. గుణకారం ఇంకా అందం. ఒక సెకనును ఒక సెకనుతో గుణిస్తే 277777 గంటల 46 నిమిషాల 40 సెకన్లు వస్తుంది. అంటే 31 ఏళ్ళు దాటి! సరళత సరళత అని ఊదరగొడతారు గానీ, సెకను ఇంటూ సెకను ముప్పై ఏళ్ళయ్యే సరళత నాకొద్దు బాబోయ్.

మరి సరిగ్గా చేసినవాళ్ళు లేరా? ఉన్నారు. అదే మనకు సిగ్గుచేటు. ఆబ్జెక్టుల భాషలకు పెద్దమ్మ లాంటి స్మాల్‌టాక్ కు 1998లో ఆన్సీ ప్రమాణం వచ్చింది. అందులో డ్యూరేషన్ ను అంకెతో భాగిస్తే డ్యూరేషన్, డ్యూరేషన్ తో భాగిస్తే అంకె అని స్పష్టంగా రాశారు. పైగా స్క్వీక్ లాంటి స్మాల్‌టాక్ లో 7 గంటల్ని 45 నిమిషాలతో భాగిస్తే జవాబు 28/3 అని భిన్నంగానే ఇస్తుంది. కత్తిరించదు, చివర అంకెలు తారుమారు చెయ్యదు. సి++ లో 2011 ప్రమాణంతో వచ్చిన క్రోనో కూడా పద్ధతైనదే. వ్యవధి బై వ్యవధి అంటే ఉత్త అంకె, శేషం అడిగితే మళ్ళీ వ్యవధి. గంటలూ నిమిషాలూ కలిపి రాసినా అదే సర్దుకుంటుంది. పూర్ణాంకాల వ్యవధులైతే కత్తిరిస్తుంది, డబుల్ వ్యవధులైతే కత్తిరించదు. అంతా కంపైలు అయ్యేటప్పుడే తేలిపోతుంది గనక "పర్‌ఫార్మెన్స్ పోద్ది" అనే సాకు కూడా చెల్లదు.

నన్నడిగితే వీటన్నిటిలో మన రైతు లెక్కకు దగ్గరగా వచ్చింది పైథాన్. 2011 ఫిబ్రవరిలో వచ్చిన 3.2 నుంచి టైమ్‌డెల్టాకు మూడు వేర్వేరు ప్రశ్నలు వెయ్యొచ్చు. ఒక గీత భాగహారం నిష్పత్తినిస్తుంది, 9.33 అని. రెండు గీతల భాగహారం పూర్తి సార్లు ఎన్నో చెబుతుంది, 9 అని. శేషం అడిగితే 15 నిమిషాలు అని వ్యవధినే ఇస్తుంది. రెండూ ఒకేసారి కావాలంటే డివ్‌మాడ్. (రుణ వ్యవధుల దగ్గర మాత్రం జాగ్రత్త. మైనస్ ఒక నిమిషాన్ని గంటతో భాగిస్తే పైథాన్ మైనస్ ఒకటి అంటుంది, జావా సున్నా అంటుంది. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి కోడు మార్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.)

"ఆ పదిహేను నిమిషాల శేషానికి ఇంత గొడవేంటి" అంటారేమో. బోరు దగ్గరికే పోదాం. రోజుకు 15 నిమిషాలు, నెలకు ముప్పై రోజులు. 450 నిమిషాలు, అంటే ఏడున్నర గంటలు. ఒక రోజు కరెంటు మొత్తం కన్నా ఎక్కువ! శేషాన్ని పారేసే ప్రోగ్రాముతో వంతులు వేస్తే నెలకొక రోజు నీళ్ళు ఎవరి మడికీ పోవు. ఊళ్ళో అయితే ఆ పావుగంటను పదో మడికి పెట్టి, మర్నాడు అక్కడినుంచే మొదలుపెడతారు. శేషం కూడా ఎవరో ఒకరి సొత్తే అని వాళ్ళకు తెలుసు.

మన కోడులో శేషం ఎవరి సొత్తు? టైమ్‌షీట్లు, ఓవర్‌టైములు, కాల్ సెంటర్ బిల్లులు, క్యాబ్ వెయిటింగ్ చార్జీలు... వీటన్నిటి లోపలా ఉన్నది వ్యవధిని వ్యవధితో భాగించడమే. ఓవర్‌టైము అరగంట యూనిట్లలో లెక్కగట్టే చోట 29 నిమిషాలు పనిచేసినవాడికి దక్కేది సున్నా. రోజూ అలాగే జరిగితే నెలకు ఎన్ని గంటలు గాలికి పోయాయో మీరే లెక్కేసుకోండి. మనం ఎవరి కోసం ఎక్కువగా కోడు రాస్తామో ఆ అమెరికా కార్మిక నియమాల్లోనే ఉంది: పనివేళల్ని దగ్గరి పావుగంటకు సవరించుకోవచ్చు, కానీ మొత్తం మీద చూస్తే పనిచేసిన కాలానికి కూలి ఎగ్గొట్టినట్టు కాకూడదు. ఎప్పుడూ కిందికే కత్తిరించే పూర్ణాంక భాగహారం ఈ నియమాన్ని ఎలా నిలబెడుతుంది? ఇక్కడ ఏ మేనేజరూ కుట్ర పన్నలేదు. ఒక గీత గీసేసి పోయాం, అంతే. కూలి పోయినవాడికి మాత్రం కుట్రకూ గీతకూ తేడా ఏముంది?

ఇంకో రకం కూడా ఉంది, మన దేశంలో కూర్చుని పనిచేసేవాళ్ళకు కనపడనిది. రెండు తేదీల మధ్య ఎన్ని రోజులు అంటే, మిల్లీసెకన్ల తేడా తీసి 8,64,00,000 తో భాగించడం. ఈ అంకె కంఠతా రాని తెలుగు ప్రోగ్రామరు ఉన్నాడా అసలు? అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతున్నారు. అక్కడ ఆ ఆదివారం అర్ధరాత్రి నుంచి సోమవారం అర్ధరాత్రికి 23 గంటలే. 23 గంటల్ని 24 గంటలతో భాగించి కత్తిరిస్తే? సున్నా రోజులు. ఆదివారం క్యాలెండరులోంచే ఎగిరిపోయింది! ఇక్కడ భాగహారం తప్పు కాదు. 24 గంటలు అనేది వ్యవధి, 'రోజు' అనేది క్యాలెండరులో గడి. రెండూ ఒకటే అనుకోవడం తప్పు. అందుకే జావా వాళ్ళు డ్యూరేషన్ నూ పీరియడ్ నూ వేరే క్లాసులుగా పెట్టారు, ఈ విషయంలో వాళ్ళకో దండం. రోజులు కావాలంటే తేదీల్ని అడగాలి, మిల్లీసెకన్లను కాదు.

ఇదంతా తెల్లవాళ్ళు ఈ మధ్య కనిపెట్టిన సూక్ష్మం అనుకునేరు. మన ఇంట్లో గోడకు వేలాడే పంచాంగమే వ్యవధిని వ్యవధితో భాగించగా పుట్టింది. సౌర సంవత్సరాన్ని చాంద్రమాసంతో కొలిస్తే సుమారు 12.368 వస్తుంది. ఆ 0.368 ను కత్తిరించి పన్నెండు నెలలే అని కూర్చుంటే, ఏడాదికి పదకొండు రోజుల చొప్పున జరిగి ఉగాది కొన్నేళ్ళకు చలికాలంలో పడుతుంది. మనవాళ్ళు కత్తిరించలేదు. శేషాన్ని పోగేసి, నెల నిండగానే అధికమాసం అని పేరుపెట్టి కలిపారు. 2023లో మనకు శ్రావణాలు రెండు వచ్చింది అందుకే. సూర్యసిద్ధాంతంలో ఈ నిష్పత్తిని దశాంశంగా రాయనే లేదు. మహాయుగానికి 43,20,000 సౌర సంవత్సరాలు, 5,34,33,336 చాంద్రమాసాలు అని రెండు పూర్ణాంకాలుగా ఇచ్చారు. అంటే స్క్వీక్ చెప్పిన 28/3 లాంటిదే. ఎంత దూరం లెక్కగట్టినా అందులో పొరపాటు పేరుకోదు.

కాబట్టి నా వాదన ఇంతే. డ్యూరేషన్ క్లాసు రాసేవాళ్ళు 'భాగించు' అనే ఒక్క గీత ఇచ్చి ఊరుకోకూడదు. నిష్పత్తి ఎంత, పూర్తి సార్లు ఎన్ని, మిగిలింది ఎంత - ఈ మూడూ మూడు పేర్లతో ఉండాలి. మొదటి రెండూ అంకెలు, మూడోది వ్యవధి. మీ భాష ఇవ్వకపోతే, మూడు చిన్న మెథడ్లు మీరే రాసుకుని ప్రాజెక్టంతా అవే వాడండి, పది నిమిషాల పని. భాగించేటప్పుడు లోపల రెండిటినీ అన్నిటికన్నా చిన్న యూనిట్ లోకి, పూర్ణాంకాలుగానే తెచ్చుకోండి. సున్నా వ్యవధితో భాగించమంటే గట్టిగా అరవాలి, సున్నా చేతికిచ్చి పంపకూడదు.

"చిన్న ప్రాజెక్టుకు ఇదంతా ఎందుకు" అనేవాళ్ళుంటారు. చిన్న ప్రాజెక్టులోనే కదా ఇది పది నిమిషాల పని! పెద్దదయ్యాక పదేళ్ళ డేటాలో ఎవరి పావుగంటలు ఎటు పోయాయో వెతకడం ఎవరి తరం?

రేపు ఆఫీసుకెళ్ళాక ఒక్క పని చెయ్యండి. మీ కోడులో 3600, 86400, 86400000 అనే అంకెలు ఎన్నిచోట్ల ఉన్నాయో వెతకండి. ప్రతి చోటా ఆగి, ఇక్కడ పంచుతున్నామా, కొలుస్తున్నామా, కొలిస్తే మిగిలింది ఎవరికి పోతోంది అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు మీ టీములో ఎవరూ లేకపోతే, బగ్ దొరికినట్టే. వెంటనే టికెట్ తెరవండి.